జిడ్డు కింది నంబరు

మార్చి 4

ఈ రోజు మా పాత ఇంజన్ల షెడ్డులో ఓనరు అందరి ముందూ నన్ను ‘నంబర్ల మేడమ్’ అన్నాడు. మెకానిక్కు పొద్దుట్నుంచీ తల గోక్కుంటున్న పాత ఇంజన్ చుట్టూ నేను ఒక్కసారి తిరిగాను. ఇంటికి ఫోన్ చేసి వస్తానని వెనక్కి వెళ్ళాను. తిరిగొచ్చి అది ఏ బండిదో, ఏ కాలంలో తయారైందో చెప్పేశాను. మెకానిక్కు నా వంక అలా చూస్తూ ఉండిపోయాడు.

ఇంటికి ఫోన్ చేసిన మాట నిజమే. అబద్ధం కాదు.

ఫోన్ ఎత్తేది మామయ్య, మా ఆయన నాన్న. జీవితమంతా ఫౌండ్రీలో ఇంజన్ బ్లాకులు పోతపోసిన మనిషి. నేను అంకెలు చదువుతాను, ఆయన అవతల్నుంచి దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ విప్పుతారు. ఆ మోతల్లో చెవులు సగం పోయాయి. తనకి వినపడకపోతే మనకీ వినపడదనుకుని అరుస్తారు. అందుకే నేను పాత టైర్ల గుట్ట వెనక్కి వెళ్ళి మాట్లాడతాను. అందుకే. వేరే ఏం లేదు.

ఒకటి అడిగితే నాలుగు చెబుతారు. “అమ్మాయ్, ఉబ్బుగా ఉన్న అంకెలున్నాయే, అవి పోతలోనే వస్తాయి. పుట్టుమచ్చ లాంటివి. లోపలికి దిగి ఉన్నవి ఇంజన్ పూర్తయ్యాక పంచ్ కొట్టినవి. అది పెట్టిన పేరు. ఒకే అచ్చులో పోసిన బ్లాకు ఒకటి కారుకి పోతుంది, ఇంకోటి బరువు మోసే వ్యానుకి పోతుంది. కవలల్ని మొహం చూసి ఫలానా అనేస్తే ఎలా? పేరడగాలి. పంచ్ చూడాలి.” వంటింట్లో గిన్నెలు కడుగుతున్నా ఈ మాటే వినిపిస్తుంటుంది.

ఇన్నాళ్ళూ బిల్లులు నిలబడే రాశాను. రేపట్నుంచి బల్ల, కుర్చీ ఇస్తానన్నాడు ఓనరు.

మార్చి 7

బల్ల వచ్చింది. ఒక కాలు పొట్టి. అయినా బల్లే.

మార్చి 12

ఈ రోజు మామయ్య షెడ్డుకొచ్చారు. నేను టిఫిను డబ్బా మర్చిపోయానట. చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నారు. చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని గేటు దగ్గర్నుంచే “అమ్మాయ్” అని కేక.

డబ్బా ఇచ్చి వెళ్ళిపోతే ఏమయ్యేది? వెళ్ళలేదు. కింద పెట్టి ఉన్న ఇంజన్ దగ్గర గొంతుక్కూచుని దాని ఒళ్ళంతా తడమడం మొదలుపెట్టారు. “ఇది మా చేతి పోతే. చూడు ఈ అంచు. ఈ అచ్చు చేసినవాడు ఎడంచేతి వాటం” అని మెకానిక్కుకి చెబుతున్నారు. మెకానిక్కు నవ్వు ఆపుకుంటున్నాడు. ఓనరు లోపల్నుంచి వచ్చి “ఎవరు మేడమ్ ఈ పెద్దాయన?” అన్నాడు.

“మా వీధిలో ఉంటారు. ఇటేపు వస్తుంటే డబ్బా పంపించారు ఇంట్లోవాళ్ళు” అన్నాను.

మా వీధిలోనే ఉంటారు కదా. మా ఇంట్లో ఉన్నవాళ్ళు మా వీధిలో ఉన్నట్టే.

చెయ్యి పట్టుకుని గేటు దాకా తీసుకెళ్ళాను. “పొద్దున్నుంచీ ఇంట్లో కూచుని కూచుని ఊపిరాడట్లేదమ్మా, ఇక్కడ బాగుంది” అన్నారు. “పాపని స్కూలు నుంచి తేవాలి కదా మామయ్యా, ఆలస్యమవుతుంది” అన్నాను. బడి వదలడానికి ఇంకా చాలా టైముంది. ఆయనకీ తెలుసు. సరేనని వెళ్ళారు.

మార్చి 13

ఆయనకి వినపడలేదు. వినపడి ఉంటే అడిగేవారు. మనసులో దాచుకునే మనిషి కాదు.

మార్చి 18

ఒకావిడ వచ్చింది. బేకరీల నుంచి హోటళ్ళకి రొట్టెలు వేస్తుంది, సొంత వ్యాను, తనే నడుపుతుంది. ఇంజన్ పోయింది. ఓనరుని దాటుకుని తిన్నగా నా బల్ల దగ్గరికొచ్చింది. “ఇక్కడ ఒక ఆడమనిషి ఇంజన్లు చూస్తుందని చెప్పారమ్మా. మగాళ్ళ దగ్గరికెళ్తే నా మొహం చూసే ఏదో ఒకటి అంటగడతారు. నువ్వయితే నిజం చెబుతావని వచ్చాను” అంది.

ఆ మాటకి ఒళ్ళు పొంగింది. రాసుకోవడానికి సిగ్గేం, పొంగింది.

ఆవిడ వ్యానుకి సరిపోయే పోత నంబరున్న ఇంజన్ మొన్ననే దిగింది. ఓనరు పక్కనుంచి “మేడమ్ అలా చూసి ఇలా చెప్పేస్తుంది” అంటున్నాడు. పంచ్ కొట్టిన చోటు ఆల్టర్నేటర్ వెనక ఉంది. దాని మీద జిడ్డు వేలెడు మందాన పట్టి ఉంది. చూడాలంటే బోల్టు విప్పాలి, డీజిల్లో గుడ్డ ముంచి తుడవాలి, వైరు బ్రష్షుతో రుద్దాలి, నేల మీద పడుకుని టార్చి వెయ్యాలి. ఆవిడ చూస్తోంది. ఓనరు చూస్తున్నాడు. అలా చూసి ఇలా చెప్పే మనిషి నేల మీద పడుకోదు.

టైర్ల వెనక్కి వెళ్ళి ఫోన్ చేశాను. పోత నంబరు చెప్పాను. “పంచ్ చూశావా?” అన్నారు. చూశానన్నాను. “చివర అక్షరమేంటి? డి అయితే వ్యానుది, కళ్ళు మూసుకుని ఇచ్చేయ్. బి అయితే కారుది, బరువు లాగదు.”

డి అన్నాను.

పోయిన నెల అలాంటిదే వచ్చినప్పుడు దాని మీద డి ఉంది. ఎక్కువ వాటి మీద డి యే ఉంటుంది.

ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుంది వెళ్ళేటప్పుడు.

మార్చి 21

బస్సులో రాస్తున్నాను. వ్యాను బాగానే నడుస్తోందట. మెకానిక్కు చెప్పాడు. నేనడగలేదు, అతనే చెప్పాడు.

డి యే అయ్యుంటుంది.

మార్చి 27

బి.

రొట్టెల లోడుతో పై వంతెన ఎక్కుతుంటే పొగలు కక్కి ఆగిపోయిందట. హెడ్డు గాస్కెట్ పోయింది. వెనక బళ్ళన్నీ ఆగిపోయి హారన్లు కొడుతుంటే ఆవిడొక్కతే దిగి చేతులూపుకుంటూ నిలబడింది. రొట్టెలు ఎండకి పాడయ్యాయి. పెద్ద హోటలు వాళ్ళు రేపట్నుంచి రావద్దన్నారట. ఇంజన్ దింపి షెడ్డులో పడేశారు. మెకానిక్కు ఆల్టర్నేటర్ విప్పి, తుడిచి, టార్చి వేసి, “బి” అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

ఆవిడ తిట్టలేదు. నిలబడి చూస్తోందంతే. ఓనరు “మేడమ్, మీరే కదా చూసి చెప్పింది” అన్నాడు.

నోరు దానంతటదే తెరుచుకుంది. అదేంటో, నేను ఆలోచించను కూడా లేదు. “నేను కాదు సార్. మా మామయ్యని అడిగి చెప్పాను. ఆయన ఫౌండ్రీలో చేశారు, ఈ నంబర్లన్నీ ఆయనకే తెలుసు. ఎప్పుడూ ఆయన్నే అడుగుతాను. పెద్దాయన కదా, ఈ మధ్య మర్చిపోతున్నారు. ఒకటి చెబితే ఒకటి అంటున్నారు” అన్నాను.

ఇన్నాళ్ళూ టైర్ల వెనక దాచిపెట్టిన మనిషిని ఇవాళ బయటికి తీశాను. ఇందుకు తీశాను.

అందరి మొహాలూ మెత్తబడ్డాయి. ఆవిడ నా భుజం మీద చెయ్యేసి, “ఇంట్లో అలాంటివాళ్ళని పెట్టుకుని ఉద్యోగం చెయ్యడం ఎంత కష్టమో నాకు తెలుసమ్మా. మా అమ్మ చివర్లో నన్నే గుర్తుపట్టలేదు” అంది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు. నా కళ్ళల్లోనూ వచ్చాయి. అవి దేనికో నాకే తెలీదు.

మార్చి 28

మామయ్యకి చెప్పాను. ఎంతవరకూ చెప్పానంటే, “మొన్నటి ఇంజన్ మీద బి ఉందట మామయ్యా” అన్నాను. అంతవరకే.

ఆయన పాప జడకి రిబ్బను కడుతున్నారు. చేతులు ఆగిపోయాయి. “నాకు డి అని వినిపించిందే” అన్నారు.

నేనేం మాట్లాడలేదు.

“నువ్వు బి అనే ఉంటావు. రెండూ ఒకలాగే ఉంటాయి కదా వినడానికి. చెవులు మరీ పోతున్నాయి అమ్మాయ్.” తర్వాత ఇంకాసేపటికి, “మళ్ళీ అడగాల్సింది. బి ఫర్ బంతా, డి ఫర్ డబ్బానా అని అడగాల్సింది. ఎప్పుడూ అడుగుతాను. ఆ రోజు ఎందుకడగలేదు?” అన్నారు.

ఎందుకడగలేదంటే నేను నాన్చకుండా ఠక్కున చెప్పాను కాబట్టి.

మాట్లాడకపోవడం అబద్ధం కాదు. కాదనే రాసుకుంటున్నాను.

మార్చి 29

ఓనరు మంచివాడు. అదే వచ్చిన చిక్కు. మా ఆయనకి ఫోన్ చేసి, మీ నాన్నగారి సంగతి తెలిసింది, మతిమరుపుకి మంచి డాక్టరున్నాడు, మొదట్లోనే చూపించండి అని నంబరిచ్చాడట. ఈయన పనిచేసే బస్సు డిపో నుంచి నేరుగా ఇంటికొచ్చేశాడు.

“నాన్న మర్చిపోతున్నాడని నాకు చెప్పాలి కదా. షెడ్డులో చెప్పావు, నాకు చెప్పవా?” అన్నాడు.

“నువ్వు కంగారు పడతావని” అన్నాను. ఇంత చక్కగా ఎలా వస్తాయి నాకు మాటలు.

“రేపు పాపని పట్టుకుని దారి తప్పితే? ఇంక నాన్నని స్కూలుకి పంపించొద్దు. పక్కింటావిడని అడుగుతాను” అన్నాడు. నేను కాదనడానికి నోరు తెరిచాను. కాదంటే ఎందుకు కాదో చెప్పాలి.

వాళ్ళ నాన్నతో ఆ మాటా, ఓనరు చెప్పిన వంతెన సంగతీ, రొట్టెల బేరం పోయిన సంగతీ ఈయనే చెప్పాడు. మామయ్య ఒక్క ముక్క ఎదురాడలేదు. స్కూలువాళ్ళు ఇచ్చిన గేటు కార్డు మెడలోంచి తీసి, దాని తాడు వేలికి చుట్టి చుట్టి, బల్ల మీద పెట్టారు.

మార్చి 30, ఆదివారం

ఈ రోజు చెబుదామనుకున్నాను. ఆదివారం కదా, ఈయన ఇంట్లోనే ఉన్నాడు.

మార్చి 31

చెప్పలేదు.

ఏప్రిల్ 2

ఇంట్లో సందడే లేదు. ఒకటి అడిగితే నాలుగు చెప్పే మనిషి, నాలుగు అడిగితే ఒకటి చెబుతున్నారు. అదీ చెప్పే ముందు ఆగి, లోపల సరిచూసుకుని చెబుతున్నారు. టీ తాగారా మామయ్యా అంటే ఖాళీ కప్పు వంక చూసి, తాగినట్టున్నానమ్మా అన్నారు.

మధ్యాహ్నం నేను తొందరగా వచ్చేసరికి ఆయన గదిలో గోడకేసి కూచుని పాత పోత నంబర్లు వరసగా చెప్పుకుంటున్నారు. ఒకచోట తడబడ్డారు. మళ్ళీ మొదట్నుంచి. మళ్ళీ అక్కడే తడబడ్డారు. మోకాలి మీద అరచేత్తో కొట్టుకున్నారు. నేను చెప్పులు విప్పకుండా అలాగే బయటికి వెళ్ళి, చప్పుడు చేస్తూ మళ్ళీ లోపలికొచ్చాను.

నిజంగానే మర్చిపోతున్నారేమో అనిపించింది. అనిపించగానే ఎంత హాయిగా ఉందో. ఆ హాయి చూసి నాకే భయమేసింది.

ఏప్రిల్ 4

డాక్టరు దగ్గరికి వెళ్ళాం. కొన్ని మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమన్నాడు. గడియారం బొమ్మ గియ్యమన్నాడు. మామయ్య తప్పు పోతుందేమోనని ప్రతి గీతా చెరిపి మళ్ళీ గీశారు. గడియారం గీశారు, ముళ్ళు పెట్టడం మర్చిపోయారు. మాటలు అడిగితే ఒక్కటే చెప్పారు, మిగతావి రాలేదు. చిన్నపిల్లాడు టీచరు వైపు చూసినట్టు నా వైపు చూశారు. అందిస్తానేమోనని.

డాక్టరు ఇప్పుడే ఏమీ చెప్పలేనన్నాడు. స్కానింగు రాశాడు, తర్వాత మళ్ళీ రమ్మన్నాడు.

దిగేటప్పుడు మెట్ల దగ్గర “అమ్మాయ్, మీ అత్తయ్య ముందే వెళ్ళిపోవడం మంచిదయింది. ఇది చూడలేకపోయేది” అన్నారు.

చెప్పలేదు. మెట్ల మీద ఏం చెబుతాం.

ఏప్రిల్ 5

చెప్పలేదు.

ఏప్రిల్ 6, ఆదివారం

ఎలా చెప్పాలో అద్దం ముందు అనుకుని చూసుకున్నాను. ‘మామయ్యా, చిన్న పొరపాటు జరిగింది.’ చిన్న అనేది ఎక్కడ్నుంచొచ్చింది? ‘పొరపాటు’ ఎక్కడ్నుంచొచ్చింది? ‘జరిగింది’ ఏంటి, దానంతటదే జరిగిందా? ఒక్కో మాటా తీసేస్తుంటే చివరికి ‘మామయ్యా’ ఒక్కటే మిగిలింది.

ఏప్రిల్ 9

జరిగింది జరిగినట్టు రాయాలి.

ఈ రోజు నాకు సెలవు. మధ్యాహ్నం తలుపు కొడితే తీశాను. రొట్టెల వ్యాను ఆవిడ. చేతిలో కాగితంలో చుట్టిన రొట్టె. “పెద్దాయన్ని ఒకసారి చూసి పోదామని వచ్చాను” అంది. రావద్దని ఎలా అంటాను?

మామయ్య దగ్గర కుర్చీ లాక్కుని కూచుంది. వాళ్ళమ్మతో మాట్లాడి అలవాటనుకుంటాను, ఒక్కో మాటా విడదీసి, నవ్వుతూ, పసిపిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడింది. “బాగున్నారా? తిన్నారా? నేనెవరో తెలుసా?”

ఆ రొట్టె చూసి మామయ్యకి తెలిసింది. లేచి నిలబడ్డారు. “వ్యాను నీదే కదా తల్లీ. నా వల్లే నీ బండి నడి వంతెన మీద ఆగింది. నీ బేరం పోయింది. నా బుర్ర పనిచెయ్యట్లేదని నాకు తెలీలేదమ్మా. తెలిసుంటే నోరు మూసుకునేవాణ్ణి.” రెండు చేతులూ జోడించి ఆవిడకి దండం పెట్టారు. ఆవిడ “అయ్యో, వద్దు వద్దు” అని ఆయన చేతులు పట్టుకుంది.

నేను టీ కప్పులు పట్టుకుని గుమ్మంలో ఉన్నాను.

“మామయ్యా, నేను డి అనే చెప్పాను” అన్నాను.

ఆయనకి వినపడలేదు. ఆవిడకి వినపడింది. తల తిప్పింది. ఒకసారి చెప్పడమే కష్టమనుకుంటే, దగ్గరికెళ్ళి, గట్టిగా, రెండోసారి చెప్పాల్సొచ్చింది. అదే నాకు తగిన శాస్తి.

“మీరు తప్పు వినలేదు. నేను డి అనే చెప్పాను. పంచ్ చూడలేదు. జిడ్డుగా ఉంది, వీళ్ళ ముందు నేల మీద పడుకుని తుడవడం నామోషీ అనిపించింది. ఊహించి డి అన్నాను. తర్వాత షెడ్డులో మీకు మతిమరుపని చెప్పాను. మీకేం మతిమరుపు లేదు.”

మామయ్య నా పెదాల వంక చూస్తున్నారు. “డి అన్నావా?”

“డి అన్నాను.”

“డి ఫర్ డబ్బా?”

“డబ్బానే మామయ్యా.”

కోపమొస్తుందనుకున్నాను. రాలేదు. ఆయన మొహం ఎలా అయిందో రాయడం నాకు చేతకావట్లేదు. పోయిందనుకున్న పిల్లాడు వీధి చివర కనపడితే అలా అవుతుందేమో మొహం. కుర్చీలో కూలబడి “అయితే సరిగ్గానే విన్నాను. సరిగ్గానే చెప్పాను” అన్నారు. మళ్ళీ అదే అన్నారు. ఆవిడతో కూడా “చూశావా తల్లీ, సరిగ్గానే చెప్పాను” అన్నారు. నేను చేసింది ఇంకా ఆయన దాకా రానేలేదు. ముందు ఆయన బుర్ర ఆయనకి తిరిగొచ్చిన సంతోషం. అది చూడ్డం కంటే చెంప దెబ్బ నయం.

ఆవిడ లేచింది. టీ తాగలేదు. గుమ్మం దగ్గర నా మొహంలోకి చూసి, “హోటలు పోయినందుకు కాదు. ఆ రోజు మా అమ్మ సంగతి నీకెందుకు చెప్పానా అని ఉంది నాకు” అంది. వెళ్ళిపోయింది.

నేను వెనక్కి తిరిగేసరికి నేను చేసింది ఆయన దాకా వచ్చేసింది. కింద చూస్తూ అడిగారు. “మర్చిపోయానని నాకు నేనే అనుకుంటుంటే, పక్కనే ఉండి చూశావా, ఇన్నాళ్ళూ?”

“చూశాను.”

“డాక్టరు దగ్గర కూడా?”

“చూశాను మామయ్యా.”

“ఎందుకమ్మా?”

సిగ్గు అన్నాను. మీరంటే సిగ్గు, మీ కేక, మీ గుండీలు, షెడ్డులో మీరు మావాళ్ళని చెప్పడానికి సిగ్గు, ఆ తర్వాత నేనంటే సిగ్గు. మాటలన్నీ కలిసిపోయి వచ్చాయి. ‘మా వీధిలో ఉంటారు’ అన్న సంగతీ చెప్పబోయాను.

చెయ్యెత్తి ఆపారు. “అది విన్నాను” అన్నారు.

తర్వాత లోపలికెళ్ళి చొక్కా మార్చుకున్నారు. బల్ల మీది కార్డు మెడలో వేసుకున్నారు. పక్కింటావిడ గుమ్మంలోకెళ్ళి, నువ్వు ఇంక వెళ్ళక్కర్లేదమ్మా, నేను వెళ్తున్నానని చెప్పడం వినపడింది. మామూలుగా ఆయన చెప్పేంత గట్టిగా.

ఏప్రిల్ 10

మా ఆయనకి నేనే చెప్పాను. విన్నాడు. చొక్కా వేసుకుని బయటికి వెళ్ళి, వంట చల్లారిపోయాక వచ్చాడు. నాతో మాట్లాడట్లేదు. వాళ్ళ నాన్న పక్కన చాప వేసుకుని పడుకున్నాడు.

ఏప్రిల్ 11

షెడ్డులో చెప్పాను. మెకానిక్కు ముందు, ఓనరు ముందు, ఇంజన్ దింపడానికి వచ్చినవాళ్ళ ముందు. మెకానిక్కు మర్యాదగా వేరే పని ఉన్నట్టు వెళ్ళిపోయాడు. ఓనరు మాత్రం, “తీసేద్దును. బిల్లులు రాసేవాళ్ళు దొరకరు” అన్నాడు. బల్ల తీసేయించాడు. డి ఉన్న ఇంజన్ వెతికించి వ్యానుకి పంపించాడు. దాని పంచ్ నంబరు నేను కడిగాను, మెకానిక్కు చదివాడు. వ్యాను ఆవిడ రాలేదు. హోటలు కూడా ఆవిడకి తిరిగి రాలేదని విన్నాను.

నిలబడి రాస్తుంటే కాళ్ళు లాగుతున్నాయి. లాగనీ.

ఏప్రిల్ 17

డాక్టరు దగ్గరికి ఈయనా, మామయ్యా వెళ్ళారు. నన్ను రమ్మనలేదు. గడియారం ముళ్ళతో సహా గీశారట. మాటలన్నీ చెప్పి, అడక్కుండానే తిరగేసి కూడా చెప్పారట. జ్ఞాపకానికేం ఢోకా లేదు, చెవికి మాత్రం మెషీను పెట్టించండి అన్నాడట డాక్టరు. “ఇంక వినాల్సిందేం మిగిల్లేదు లెండి” అన్నారట మామయ్య. ఈయన నాతో ఇన్ని రోజులకి మాట్లాడిన మొదటి మాట అదే. నవ్వుతూ చెప్పలేదు.

ఏప్రిల్ 22

షెడ్డులో ఒకాయన, ఇది ఏ బండి ఇంజన్ మేడమ్ అనడిగాడు. తెలీదండీ అన్నాను. ఆ మాట అన్నందుకు ఏమీ కాలేదు. ఎవరూ నవ్వలేదు. ఆయన సరేనని మెకానిక్కు దగ్గరికి వెళ్ళాడు. అంతే.

మే 1

మామయ్య ఇంట్లో మళ్ళీ మాట్లాడుతున్నారు. పాపతో, పక్కింటివాళ్ళతో, పాలబ్బాయితో, ఒకటికి నాలుగు. నాతో పని మాటలే. నేను ఫోన్ చెయ్యట్లేదు, ఆయనా అడగట్లేదు.

ఒకటి గమనించాను. మొన్న, బయట వాన మొదలైంది మామయ్యా, గొడుగు తీసుకెళ్ళండి అన్నాను. ఆయన కిటికీ దాకా వెళ్ళి, చెయ్యి బయటపెట్టి, తడి చూసుకుని, అప్పుడు గొడుగు తీసుకున్నారు. నిన్న, పాప అన్నం తినేసింది అన్నాను. పాపని పిలిచి అడిగారు. కావాలని సాధించడానికి కాదు. ఆ మొహంలో కోపం లేదు. నా మాట మీద అడుగు వేసే ముందు కాలితో ఒకసారి నొక్కి చూసుకుంటున్నారు, అంతే.

ఇవాళ పొద్దున టీ పెట్టబోతూ “పాలు అయిపోయాయి మామయ్యా” అన్నాను.

ఆయన పేపరు మడిచి, లేచి, వంటింట్లోకి వచ్చారు. నన్ను దాటుకుని వెళ్ళి గిన్నె మూత తీశారు. వంచి చూశారు. నేను పక్కకి జరిగి వెలుతురు పడేలా నిలబడ్డాను. మూత పెట్టేసి, సంచీ తీసుకుని, “అవును, అయిపోయాయి” అన్నారు.

చూసుకోనీ. ఎన్నాళ్ళయినా చూసుకోనీ.